ఆకులో దాగిన ఫంగస్.. ప్రాజెక్టు మీదేనా?

ఎమ్మెస్సీ వైవాలో కూర్చున్నారనుకోండి. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ మీ రిపోర్టు పేజీలు తిప్పుతూ ఒక ఫొటో దగ్గర ఆగారు. ‘ఈ ఫంగస్ ఆకు లోపలి నుంచే వచ్చిందని ఎట్లా చెప్తారు? పైన ఉన్న దుమ్ములోంచి రాలేదని నమ్మకమేంటి?’ అని అడిగారు. పని మీరే చేసి ఉంటే జవాబు పది సెకన్లలో వస్తుంది. రిపోర్టు కొనుక్కొచ్చి ఉంటే మాత్రం అక్కడే దొరికిపోతారు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో బీజెడ్సీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదువుతున్న మీకు ఈ ప్రశ్న ఎందుకంటే, దీనికి కావాల్సిన ముడిసరుకంతా మీ ఊరి చుట్టే ఉంది. వేపచెట్టుకు అల్లుకున్న తిప్పతీగ, వాగు ఒడ్డున తెల్లమద్ది, గట్ల మీద తంగేడు, చేదుకు పేరుపడ్డ నేలవేము. ఇవన్నీ పైకి ఆరోగ్యంగా కనిపిస్తాయి. కానీ వాటి ఆకుల్లో, బెరడులో, వేర్లలో కంటికి కనిపించని ఫంగస్‌లు కాపురం ఉంటాయి. చెట్టుకు జబ్బు తేవు. వాటినే ఎండోఫైట్లు అంటారు. చోటు కోసం, తిండి కోసం పక్కనున్న సూక్ష్మజీవులతో పోటీపడాలి కాబట్టి కొన్ని ఫంగస్‌లు వాటిని ఆపే రసాయనాలు తయారుచేస్తాయి. మనకు కావాల్సింది ఆ రసాయనమే.

ఒకప్పుడు ఇలాంటి మందుల కోసం మట్టిలో వెతికేవాళ్లు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్ 1948లో ప్రపంచానికి చూపిన ఆరియోమైసిన్ మట్టిలోని సూక్ష్మజీవి ఇచ్చిందే. తర్వాత చూపు చెట్టు లోపలికి మళ్లింది. 1993లో అమెరికాలోని మోంటానా శాస్త్రవేత్తలు యూ చెట్టు లోపలి ఫంగస్ ఒకటి క్యాన్సర్ మందు టాక్సాల్‌ను తయారుచేస్తోందని ప్రకటించారు. మన దేశంలో మైసూరు యూనివర్సిటీ వాళ్లు తెల్లమద్ది, వేప లోపల ఉండే పెస్టలోషియాప్సిస్ రకాల మీద పనిచేశారు. కొత్త మందుల అవసరం ఎంతంటే, మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా చనిపోయినవాళ్లు 2019లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 12.7 లక్షల మంది అని లాన్సెట్ పత్రిక లెక్క.

మూడు జిల్లాల్లో ఎక్కువ భాగం 2016 దాకా పాత వరంగల్లోదే అయినా నేల ఒకటి కాదు. జనగామ మెట్ట ప్రాంతం. మహబూబాబాద్‌లో గంగారం, కొత్తగూడ వైపు వెళ్తే అడవి. భూపాలపల్లిలో మహదేవ్‌పూర్ అడవులు గోదావరి దాకా పోతాయి. ఒకే మొక్కలో ఉండే ఫంగస్‌లు నేలను బట్టి, కాలాన్ని బట్టి, ఆకు ముదురుదా లేతదా అన్నదాన్ని బట్టి మారతాయి. కాబట్టి మూడు చోట్ల నుంచి తిప్పతీగ తెచ్చి పోల్చి చూసినా మంచి ప్రాజెక్టే. పది రకాల మొక్కలు పోగేయాల్సిన పనిలేదు. మొక్క పేరు మాత్రం బోటనీ సార్లతో ఖాయం చేయించి, హెర్బేరియం షీటు తయారుచేసి పెట్టుకోండి. రిజర్వు ఫారెస్టులోకి వెళ్లేట్టయితే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. మొదటిసారికి చేను గట్టు చాలు.

ఇక అసలు పని. ఆకును కుళాయి నీటితో కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లో, తర్వాత సోడియం హైపోక్లోరైట్‌లో, మళ్లీ ఆల్కహాల్‌లో కాసేపు ముంచుతారు. ఆఖరున స్టెరైల్ నీటితో కడుగుతారు. అప్పుడు చిన్న ముక్కలు కోసి, బ్యాక్టీరియా రాకుండా యాంటీబయాటిక్ కలిపిన పొటాటో డెక్స్‌ట్రోజ్ అగర్ మీద పెడతారు. ఆఖరిసారి కడిగిన నీటిని కూడా ఒక ప్లేటు మీద వేయాలి. దాని మీద ఏమీ మొలవకపోతేనే ముక్క అంచు నుంచి వచ్చిన ఫంగస్ లోపలిదని చెప్పగలం. వైవా ప్రశ్నకు జవాబు ఆ ఖాళీ ప్లేటే. చాలామంది ఫొటోలో ఏమీ కనిపించదని దాన్ని రిపోర్టులో పెట్టరు. మీరు పెట్టండి.

ఫంగస్‌ను ద్రవ మాధ్యమంలో రెండు మూడు వారాలు పెంచి, ఇథైల్ అసిటేట్‌తో సారం తీసి, స్టెఫైలోకాకస్, ఈ.కోలై లాంటి వాటి మీద పరీక్షిస్తారు. గుంత చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం వస్తే సంతోషమే. కానీ పక్క గుంతలో ఉత్త ద్రావణి వేశారా? దాని చుట్టూ కూడా వలయం వస్తే మీ ఫంగస్ గొప్పేమీ లేదు. ఈ పరీక్షలు కాలేజీ ల్యాబులో, గైడ్ ఉన్నప్పుడే చేయాలి. ఇంట్లో వద్దు.

ఆ వలయం చూసి ‘కొత్త యాంటీబయాటిక్ కనిపెట్టాం’ అని రాసేయకండి. అది ముడి సారం. అందులో ఏ పదార్థం పనిచేసిందో విడదీయాలి, పాతదా కొత్తదా చూడాలి, మనిషి కణాలకు హాని చేస్తుందేమో తేల్చాలి. పైగా ల్యాబులో పదేపదే మార్చి పెంచితే కొన్ని ఫంగస్‌లు ఆ రసాయనం తయారుచేయడమే తగ్గించేస్తాయి. అంత పేరొచ్చిన టాక్సాల్ కూడా ఇప్పటికీ ఫంగస్ నుంచి కాదు, ఎక్కువగా యూ మొక్క కణాల నుంచి, ఆకుల నుంచి తీసిన పదార్థాల నుంచే మార్కెట్‌కు వస్తోంది.

మరి ఉద్యోగం? ‘ఎండోఫైట్ సైంటిస్ట్ కావలెను’ అనే ప్రకటన మీకు కనపడదు. కానీ మీడియా తయారీ, ఆటోక్లేవ్, లామినార్ ఫ్లోలో చెయ్యి వణకకుండా పనిచేయడం, కంట్రోల్ పెట్టడం, తేదీ వేసి నోటుబుక్ రాయడం హైదరాబాద్ ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్ మైక్రోబయాలజీ ల్యాబుల్లో రోజూ జరిగే పనే. ట్రైకోడెర్మా లాంటి జీవ శిలీంధ్రనాశనులు తయారుచేసే యూనిట్లకూ ఇదే నైపుణ్యం కావాలి. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే పీజీకి సీపీగెట్, ఆ తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, దానిమీద ఇంటి అద్దె భత్యం. హన్మకొండలో కాకతీయ యూనివర్సిటీ, హైదరాబాద్‌లో ఐఐసీటీ, బోడుప్పల్‌లోని సీమ్యాప్ కేంద్రం మన అందుబాటులోనే ఉన్నాయి. వాటి వెబ్‌సైట్లలో ప్రాజెక్టు అసిస్టెంట్ నోటిఫికేషన్లు అప్పుడప్పుడు పడుతుంటాయి, చూస్తుండండి.

రెజ్యూమెలో ‘ఎండోఫైట్ల మీద ప్రాజెక్టు’ అని ఒక్క లైన్ రాస్తే ఎవరూ ఆగరు. ఎన్ని ముక్కలు పెట్టారు, ఎన్నిట్లో ఫంగస్ వచ్చింది, ఏ బ్యాక్టీరియా మీద ఎన్ని మిల్లీమీటర్ల వలయం వచ్చింది, ఎన్నిసార్లు చేసినా అంతే వచ్చిందా.. ఇవి రాయండి. వలయం రాకపోతే రాలేదనే రాయండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు తర్వాతి ప్రశ్న దాని మీదే వేస్తారు.