ఏడడుగులకు ఒక రాత్రి, నోటీసుకు 30 రోజులు

జాతీయ సమైక్యతను గురించి పార్లమెంటులో సాగే చర్చలను పాతికేళ్లుగా విలేఖరుల గ్యాలరీలో కూర్చుండి వింటున్నాను. భాషలు వేరైనా జాతి ఒక్కటేనని ఎవరన్నా అన్నప్పుడు ఇరుపక్షాల సభ్యులూ బల్లలు చరచడం పరిపాటి. ఆ మాట ఆచరణలో ఎక్కడ సాగుతుందో, ఎక్కడ అడ్డం తిరుగుతుందో అనుభవం మీద చెప్పగల వ్యక్తి ఒకరితో ఇటీవల మాట్లాడాను. ఆమె ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో పెరిగిన తెలుగు మహిళ. పరుల పెళ్లిళ్లకు ఏర్పాట్లు చేయడం ఆమె వృత్తి. ఈ పనిని నేడు వెడ్డింగ్ ప్లానింగ్ అంటున్నారు. మన ఊళ్లలో మేనమామలూ, పెద్ద ముత్తయిదువలూ పైసా పుచ్చుకోకుండా, పైగా మాటలు పడి చేసిన పనే ఇది.

గుంటూరు అమ్మాయికీ, ఢిల్లీలోని పంజాబీ హిందూ కుటుంబపు అబ్బాయికీ మాఘమాసంలో ఆమె జరిపించిన వివాహం విషయం వినదగినది. అరటి బోదెలూ మామిడాకులూ సమస్య కాలేదు. ఘాజీపూర్ పూలమండీ, ఐ.ఎన్.ఏ. మార్కెట్టు ఉన్నంతవరకు ఢిల్లీలో తెలుగు పందిరికి లోటు లేదు. అసలు సమస్య గడియారం. సుముహూర్తం రాత్రి 9 గంటల 12 నిమిషాలు. ఆ క్షణానికి జీలకర్ర-బెల్లం వధూవరుల శిరస్సులపై ఉండవలసినదే. ఢిల్లీ బారాత్‌కు మాత్రం నిమిషాలతో పని లేదు; వీధిలో ఢోలు మ్రోగినంతసేపూ వరుడు గుర్రం దిగడు.

"మగపెళ్లివారి కార్డులో ముహూర్తం ఏడున్నర అని వేయించాను, అన్నయ్యగారూ. అయినా తొమ్మిదికి పది నిమిషాలప్పుడు వచ్చారు" అన్నారామె. గట్టిమేళం వేళకు నాదస్వరం వినబడాలని బ్యాండు మేస్త్రీకి విడిగా కొంత ముట్టజెప్పి అతని బృందాన్ని భోజనాలకు పంపించారట. సంకీర్ణ ప్రభుత్వాలు నడిపిన నాయకులకు ఈ విద్య సుపరిచితమే.

అంతకంటె సున్నితమైనది తెల్లచీర వ్యవహారం. మధుపర్కాలు కట్టుకొని వధువు పందిట్లోకి రావడం మనకు మంగళప్రదం. 1947లో పసిపిల్లగా లాహోరు నుండి వచ్చిన వరుని నాయనమ్మకు తెలుపు వైధవ్యాన్ని స్ఫురింపజేసే వర్ణం. పెళ్లికి పది రోజుల ముందే ఈ మహిళ ఆ చీరను ఆమె యింటికి తీసుకొనివెళ్లి, ఎర్రని అంచునూ, కొసలకు పూసే పసుపునూ చూపించారు. ముసలామె చాలాసేపు మౌనంగా ఉండి, తన పెళ్లినాటి ఎర్ర చున్నీని తెప్పించి ఆ చీరపై కప్పి చూసుకున్నదట. పీటలపై వధువు ఆ రెండింటితోనే కూర్చున్నది. పురోహితుడు అభ్యంతరం చెప్పలేదు.

మేనమామ దగ్గర మాత్రం ఉభయులకూ ఇట్టే మాట కలిసింది. వధువు చేతులకు చూడా గాజులు తొడిగించేది పంజాబులో మేనమామ. గంపలో కూర్చోబెట్టి తెచ్చేది మనకూ మేనమామే. అయితే మనవారిలో మేనమామనే పెళ్లాడే ఆచారమూ కలదని విని వియ్యపురాలు నిర్ఘాంతపోయారట! హిందూ వివాహ చట్టం సపిండుల మధ్య వివాహాన్ని నిషేధిస్తూనే, ఆచారం అనుమతించిన చోట మినహాయింపు ఇచ్చింది.

1955 నాటి ఆ చట్టంలోని 7వ సెక్షను ఇరుపక్షాలలో ఎవరి ఆచారం ప్రకారమైనా వివాహం జరుపుకోవచ్చునన్నది. సప్తపది అందులో భాగమైతే ఏడవ అడుగుతో వివాహం పూర్తయి కట్టుబాటవుతుంది. అర్ధరాత్రి అతిథులు వెళ్లిపోయి, ఫొటోగ్రాఫర్లు అలసిపోయిన తరువాత సప్తపదిని త్వరగా కానిద్దామనే వారు ప్రతి పెళ్లిలోనూ ఉంటారు. ఆమె కాదంటారు. ఏడడుగులూ పూర్తిగా వేయించి, వీడియో తీయించి భద్రపరుస్తారు. విధులేవీ జరపకుండా ధ్రువపత్రం సంపాదించినంత మాత్రాన హిందూ వివాహం కాజాలదని 2024లో సుప్రీంకోర్టు చెప్పిన తరువాత ఈ జాగ్రత్త మరింత పెరిగింది.

ఈ చిక్కులన్నీ ఒక రాత్రితో తీరినవి. వధూవరుల మతాలు వేరైనప్పుడు, ఎవరూ మతం మారదలచనప్పుడు, వ్యవహారం పందిరి నుండి కచేరీ గోడకు మారుతుంది. 1872 నాటి చట్టం క్రింద అటువంటి జంట తమకు ఆ మతం లేదని ప్రకటించవలసి వచ్చేది. 1942 మార్చి 26న అలహాబాదు ఆనందభవన్‌లో ఇందిరా ఫిరోజ్‌ల వివాహం వైదిక విధిని జరిగిన నాటికి హిందువుకూ పార్సీకీ ఇంకొక దారి లేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఆ దారిని తెరిచింది, కాని గుమ్మానికి ఒక నోటీసు తగిలించింది. వివాహాధికారి ఆ నోటీసును తన కార్యాలయంలో అందరికీ కనబడేటట్లు అంటించాలి. 30 రోజులలో ఎవరైనా ఆక్షేపణ తెలుపవచ్చు. శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే ప్రతి అక్కడికీ పోతుంది.

ఆమెకు తెలిసిన ఒక జంటలో అమ్మాయిది గోదావరి తీరం, అబ్బాయి లక్నో ముస్లిం. ఇద్దరి ఉద్యోగాలూ ఢిల్లీలోనే. అమ్మాయి తండ్రి ఎంతో మథనపడి చివరకు సమ్మతించారు. నోటీసు ప్రతి స్వజిల్లాకు చేరిన వారంలోగా దాని ఫొటో ఫోన్లలో తిరిగింది. ముక్కూ మొగమూ తెలియనివారు ఆయన గుమ్మం ఎక్కి పరువును గురించి ప్రసంగించారు. చట్టరీత్యా ఆక్షేపణకు ఆధారాలు వయస్సు, మానసిక స్థితి, జీవించి ఉన్న భార్యాభర్తలు, నిషిద్ధ బంధుత్వం మాత్రమే. ఆ వచ్చినవారిలో ఒక్కరూ వ్రాతపూర్వకంగా ఆక్షేపించలేదు. ఆ అవసరమే వారికి లేకపోయింది. "నేనే వద్దనుకున్నప్పుడు వీళ్లెవరూ రాలేదు తల్లీ" అని ఆ తండ్రి ఫోనులో ఈమెతో అని, పెళ్లికి మాత్రం రాలేనన్నారు.

2017లో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కు అన్నది. దానిని ఆధారం చేసుకొని, ఈ నోటీసు ప్రకటన జంట ఇష్టానుసారమే ఉండాలని 2021 జనవరిలో అలహాబాదు హైకోర్టు తీర్పు చెప్పింది. పార్లమెంటు చేసిన సవరణతో తొలగించదగిన నిబంధన ఇది. నాకు తెలిసినంతలో బల్లలు చరచే ఏ పక్షమూ దీనిని తలకెత్తుకోలేదు.

ఆ జంట వివాహం 34వ రోజున వివాహాధికారి ఎదుట జరిగింది. చట్టం కోరే ముగ్గురు సాక్షులలో ఒకరు ఈ మహిళే. మరునాడు ఇరవైమందికి ఆమె తన యింటి మేడపై భోజనం పెట్టారు. పులిహోర ఉన్నది, లక్నో బిరియానీ ఉన్నది. అటువంటి జంట వస్తే ఆమె ఇప్పుడు హాలుకు బయానా ఇవ్వరు, శుభలేఖలు అచ్చువేయించరు. ముందుగా ఇద్దరి శాశ్వత చిరునామాలు అడిగి వ్రాసుకుంటారు.