వాయిదాల నడుమ మనస్సు

ప్రతి ఉదయము వార్తలకు ముందు మేము సమయము ప్రకటింతుము. ఏడు గంటల తరువాత ఎనిమిది గంటలగునని వినువారికి తెలియును. ఆ నమ్మకముమీదనే ఇంటిలో పొయ్యి వెలుగును, పిల్లలు బడికి తయారగుదురు, పెద్దలు కచేరీలకు బయలుదేరుదురు. ఎనిమిది ఎప్పుడగునో, అసలు అగునో కాదో తెలియని గదిలో ఒక మనుష్యుని నెలల తరబడి ఉంచినచో అతని మనస్సు ఏమగునో ఈ ప్రసంగములో విచారింపదలచితిమి.

2022వ సంవత్సరము చివర మన దేశపు జైళ్ళలో 5,73,220 మంది ఉండిరి. వారిలో 4,34,302 మంది, అనగా ఇంచుమించు నలుగురిలో ముగ్గురు, విచారణ ఖైదీలు. వీరిపై నేరము మోపబడినదే గాని రుజువు కాలేదు. జైలు గడప తొక్కినవాడు నేరస్థుడేయని వీధి అరుగులు తీర్పు చెప్పివేసినను, చట్టము దృష్టిలో వీరు నిర్దోషులే.

శిక్షపడిన ఖైదీకి ఒక లెక్క ఉండును. ఏడేండ్లు పడినవాడు రెమిషన్ దినములు తీసివేసి, మిగిలినవి నెలలుగా, వారములుగా గణించుకొనును. విచారణ ఖైదీకి తీసివేయుటకు మొత్తమే లేదు. అతనికి ఉన్నదల్లా వాయిదా. వాయిదా దగ్గరపడిన కొలది అతనికి నిద్ర తగ్గును, అన్నము సహింపదు, తోటివారి మాటకు చిన్నదానికే కోపము వచ్చును. ఆనాడు కోర్టులో సాక్షి రాలేదందురు, న్యాయాధిపతి సెలవులో ఉన్నారందురు, లేదా తీసికొనిపోవుటకు ఎస్కార్టు చాలలేదని వ్యానే కదలదు. బిగబట్టిన మనస్సు ఒక్కసారి కూలబడును. రెండు మూడు దినములు ఎవరితోను మాటలాడడు. పిమ్మట క్రొత్త తేదీవైపు మరల కూడదీసికొనుట మొదలు. ఇట్లు ఎక్కుచు దిగుచు ఒకటి రెండేండ్లు గడచిన తరువాత ఆశపడుటయే మానుకొన్నవారు కలరు. పైకి వారు నెమ్మదిగా కనబడుదురు. జైలు రిజిస్టరులో వారి నడవడి బాగున్నదని వ్రాయబడును. ఆ నెమ్మదియే మాకు భయము గొలుపును.

వియన్నా వైద్యుడైన విక్టర్ ఫ్రాంక్ల్ నాజీల నిర్బంధ శిబిరములలో తాను గడపిన కాలమునుగూర్చి 1946లో ఒక గ్రంథము ప్రకటించెను. గడువు తెలియకుండుటయే ఖైదీని అన్నిటికంటె క్రుంగదీసినదని, ముగింపు కనబడనివాడు రేపటికొరకు జీవించుట మానివేయునని ఆయన అందు వివరించెను. ఆ శిబిరములతో మన జైళ్ళను పోల్చుట మా ఉద్దేశము కాదు. గడువు తెలియని మనస్సు నడచు తీరుమాత్రము ఎక్కడనైనను ఒక్కటే.

అంతకు చాలకాలము ముందు, 1898లో, జర్మనీలోని హాలే నగరపు ఖైదీలలో తాను చూచిన ఒక వింత స్థితిని గాన్సర్ అను మానసిక వైద్యుడు వర్ణించెను. రెండును రెండును ఎంతయని అడుగగా ఐదు అను తీరున వారి సమాధానములుండును. ప్రశ్న అర్థమైనట్లే తోచును, జవాబుమాత్రము పక్కకు తప్పును. ఇది నటనయా, రోగమా యని వైద్యులు నేటికిని వాదించుచున్నారు. వైద్యునికి ఆ సందేహము ఉండదగినదే. కాని జైలులో అది వైద్యుని చేరకముందే తీర్పుగా మారుట కద్దు. "వేషము వేయుచున్నాడు" అను ఒక్క మాటతో ఎందరి బాధయో వినువారులేక పోవును.

దీనికి తలక్రిందులైన అన్యాయము మరియొకటి గలదు: మతి చలించినదను మిషతో మనుష్యుని విడువకుండుట. బీహారు రాష్ట్రములో రుదుల్ సాహ్ అను నతనిని సెషన్సు కోర్టు 1968 జూన్ నెలలో నిర్దోషియని తీర్చెను. అతడు ముజఫర్‌పూర్ జైలునుండి వెలుపలికి వచ్చినది 1982 అక్టోబరులో! ఇన్నేండ్లు ఏల ఉంచితిరని అడుగగా అతనికి మతి స్థిమితము లేదని అధికారులు చెప్పిరి. ఎవరు పరీక్షించిరి, ఏ చికిత్స చేసిరి అన్నదానికి తగిన ఆధారము చూపలేకపోయిరి. 1983లో సుప్రీంకోర్టు, ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ తీర్పులో, ఈ సమాధానమును త్రోసిపుచ్చెను. నిజముగా మతి చలించినను అది ఆ అక్రమ నిర్బంధమువలననే కావచ్చునని, నిస్సహాయత నిరాశగాను, విడువని నిరాశ మతిభ్రమగాను పరిణమింపగలదని కోర్టు భావించెను. అతనికి ఇప్పించిన మొత్తము 35,000 రూపాయలు. పదునాలుగేండ్లకు అది ఏపాటియో శ్రోతలే లెక్కింతురుగాక.

అస్సాములో మచాంగ్ లాలుంగ్ అను గిరిజనుని 1951లో పట్టుకొని, కొంతకాలమునకు తేజ్‌పూర్ మానసిక చికిత్సాలయమునకు పంపిరి. అతడు స్వస్థుడై విచారణకు తగియున్నాడని 1967లోనే వైద్యులు వ్రాసియిచ్చిరి. అయినను విచారణ జరుగలేదు. 2005లో, జాతీయ మానవ హక్కుల సంఘము కలుగజేసికొన్న పిదప, ఒక్క రూపాయి పూచీకత్తుపై అతనిని విడిచిరి. ఏబదినాలుగేండ్లు! ఇంటిముఖము పట్టునాటికి అతడు డెబ్బదేండ్లు దాటిన వృద్ధుడు.

ఉరిశిక్షపడినవారి ఎదురుచూపు వేరొక తీరు. మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి 1983లో వాతీశ్వరన్ కేసులో, రెండేండ్లకు మించి ఉరికంబపు నీడలో ఉంచబడినవాడు శిక్ష తగ్గింపు కోరవచ్చునని తీర్పిచ్చిరి. ఆ రెండేండ్ల గడువును తరువాతి తీర్పులు నిలుపలేదు. కాని వేచియుండుటయే ఒక హింసయను భావము నిలిచినది. 2014లో క్షమాభిక్ష దరఖాస్తుల జాప్యము, మానసిక వ్యాధి అను కారణములపై సుప్రీంకోర్టు పదునైదుగురి మరణశిక్షలను యావజ్జీవముగా మార్చెను.

త్వరిత విచారణ జీవించు హక్కులో భాగమని 1979లోనే హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పియున్నది. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, మోపబడిన నేరమునకుగల గరిష్ఠ శిక్షలో సగము కాలము జైలులో గడచినచో విచారణ ఖైదీ బెయిలుకు అర్హుడగును. పూర్వము ఎన్నడును శిక్షపడనివానికి మూడవవంతు చాలును. మరణదండన, యావజ్జీవము విధింపదగు నేరములకు ఇది వర్తింపదు. దరఖాస్తు పెట్టు బాధ్యత జైలు సూపరింటెండెంటుపై ఉంచబడినది. కాని బెయిలు దొరకినను పూచీ నిలుచువాడు లేక లోపలనే ఉండిపోవు బీదవారి మాటయేమి? ఖైదులోనున్న ప్రతి వ్యక్తియు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితముగా న్యాయవాదిని పొందవచ్చును. ఈ సంగతి తెలియక నగలు తాకట్టుపెట్టిన ఇండ్లు ఎన్నియో.

వ్యాజ్యములో ఓడినవాడు కోర్టులో ఏడ్చెను, గెలిచినవాడు ఇంటికిపోయి ఏడ్చెనని మనవారందురు. ఇంటివారికి మేము ముఖ్యముగా చెప్పదలచినది మొదటి దినములనుగూర్చి. 2022లో మన జైళ్ళలో 119 మంది ఆత్మహత్య చేసికొనిరి. నిర్బంధములోని తొలి దినములు, తొలి వారములు మిక్కిలి అపాయకరమైనవని వైద్యులు చెప్పుదురు. ములాఖత్తులో నిందించుటకు, కేసు ఖర్చులు ఏకరువు పెట్టుటకు అది సమయము కాదు. అతడు నిద్రలేదన్నను, బ్రతికి లాభము లేదన్నను ఆ మాట వెంటనే జైలు వైద్యునికి చెప్పవలెను; 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఖైదీలకును వర్తించును.

కొంతకాలము క్రిందట ఒక గృహిణి మాకు జాబు వ్రాసెను. ఆమె తమ్ముడు నాలుగేండ్లు విచారణ ఖైదీగా ఉండి నిర్దోషిగా ఇంటికి వచ్చెను. తలుపు తెరచియున్నను ఎవరైన పొమ్మనువరకు గడప దాటడట. సాయంకాలము ఆరు కాగానే, తినుచున్న కంచమునైనను విడిచి గదిలోనికిపోయి, తలుపు మూసికొని, లెక్కకు నిలుచున్నట్లు నిలుచునట. పిల్లలు నవ్వుచున్నారు, ఏమి చేయుదునని ఆమె ప్రశ్న. మేము ఒక మానసిక వైద్యునడిగి జవాబు వ్రాసితిమి: పిల్లలను నవ్వనీయకుడు, అతనిని బలవంతముగా ఆపకుడు, ఆసుపత్రికి ఒకసారి తీసికొనిపొండు. మరియు, పాలు తెచ్చు పని అతనికి అప్పగింపుడు. సరిగా ఆరు గంటలకే. వీధి తలుపు గడియ అతడే తీసికొని వెళ్ళవలెను, మరల వచ్చి అతడే వేయవలెను.