ముందువరుస యైదుగురు

అమెరికా ఫుట్‌బాలాట మన పాఠశాలలలోని యాటవంటిది కాదు. అందు బంతిని చేతఁబట్టి పరుగెత్తుదురు. ముందువరుసను నిలుచు నైదుగురు ఎదిరిపక్షమువారి నడ్డగించి, బంతి విసరువానిఁ గాచి, పరుగెత్తువానికి దారి చేయుదురు. ప్రేక్షకులు వీరి పేళ్ల నెఱుంగుట యరుదు.

అచ్చటి నేషనల్ ఫుట్‌బాల్ లీగువారు 1994లో ఒక్కొక్క జట్టు జీతముల మొత్తమునకు పరిమితి విధించిరి. 2014లో నా పరిమితి 13 కోట్ల 30 లక్షల డాలర్లు. ఎంత ధనవంతమైన జట్టైనను ఐదు స్థానములకును ప్రఖ్యాతులనే కుదుర్చుకొన్నచో తక్కినవారి కీయ సొమ్ము మిగులదు.

ఈ చిక్కును డాలస్ కౌబాయ్స్ జట్టువారు ఓర్పుతో విడఁదీసిరి. కళాశాల విడిచి వచ్చు యువకులకు తొలి నాలుగేండ్లు నియతమైన తక్కువ జీతమే చెల్లును. కావున వారు 2011లో టైరన్ స్మిత్‌ను, 2013లో ట్రావిస్ ఫ్రెడరిక్‌ను, 2014లో జాక్ మార్టిన్‌ను తమ మొదటి వంతుననే యెన్నుకొనిరి. 2014లో ఈ వరుస వెనుకఁ బరుగెత్తిన డిమార్కో మర్రే 1,845 గజములు గడించి లీగునఁ బ్రథముఁడయ్యెను. మరుసటి యేఁట నతఁడు ఫిలడెల్ఫియా జట్టుఁ జేరి 702 గజములే గడించెను.

మేమిందు గ్రహించిన దొక్కటి: పరుగు కంటఁబడును, దారి చేసినవారు కంటఁబడరు. మితధనము గలవారు ముందుగా నెన్నుకొనవలసినది ఆ దారి చేయువారినే.