కండెన్సరు గొట్టములను పని ఆగకుండ శుభ్రపరచు విధము

విద్యుత్తు లేనిదే మరమగ్గము కదలదని మన పేటలలోని పసిబిడ్డలకును తెలియును. మగ్గముల చప్పుడు ఒక్కమారు నిలిచినచో కరెంటు పోయినదని యెవరును చెప్పనక్కరలేదు. అయితే ఆ విద్యుత్తు పుట్టుచోట నీరు చేయు పని యెట్టిదో మనలో పెక్కుమంది విచారించి యుండరు. మన పట్టణమునకు చేరువనే, హోట్గీ సమీపమున ఫతాటెవాడి వద్ద, ఎన్.టి.పి.సి. వారి థర్మల్ కేంద్రము కలదు. అందు 660 మెగావాట్ల యూనిట్లు రెండు. మొదటిది 2017లోను, రెండవది 2019లోను వాణిజ్యోత్పత్తి నారంభించినవి. అందలి విద్యుత్తు నేరుగ మన మగ్గములకే వచ్చునని కాదు. అది దేశమంతటి తీగెల వలలో కలసిపోవును. కాని దానికి కావలసిన నీరు మాత్రము ఉజనీ జలాశయమునుండియే వచ్చును. మన కుళాయిలును ముఖ్యముగ ఆ జలాశయమునే నమ్ముకొని యున్నవి. నాలుగు దినముల కొకమారు నీరు పట్టుకొనిన యేండ్లను మన గృహిణులు మరువలేదు గదా!

బొగ్గు మండి నీటిని ఆవిరి చేయును. ఆ యావిరి టర్బైనును త్రిప్పును. త్రిప్పిన పిమ్మట దానిని మరల నీరుగ మార్చు పెద్ద పాత్రయే కండెన్సరు. ఆవిరిని యంత్రమునందు కాక వేరొక పాత్రలో చల్లార్చవలెనని 1765లో జేమ్స్ వాట్ ఊహించెను. నేటి కండెన్సరు ఆ యూహకు మునిమనుమడు. దానిలో సుమారు అంగుళము వెడల్పుగల గొట్టములు వేలకొలది, పడుగు పోగులవలె వరుసగ అమర్చబడి యుండును. గొట్టముల లోపల చల్లని నీరు పారును. వెలుపల ఆవిరి తాకి చల్లబడి నీరగును. విస్తారమైన ఆవిరి కొద్దిపాటి నీరుగ కుదించుకొనిపోవుటచేత అచ్చట దాదాపు శూన్యమేర్పడును. ఆ శూన్యమే టర్బైనునుండి ఆవిరిని బలముగ లాగికొనును. శూన్యము తగ్గినచో అంతే బొగ్గుకు తక్కువ విద్యుత్తు వచ్చును. మరీ తగ్గినచో యంత్రమునకు హాని కలుగకుండ టర్బైనును ఆపివేయవలసి వచ్చును.

ఇక చిక్కు ఎచ్చటనన, గొట్టపు లోపలి గోడపైన. మన యిండ్లలో స్నానమునకు నీరు కాచు బంబు అడుగున తెల్లని గట్టి పొర కట్టుట మీ రెరుగుదురు. ఆ పొర వేడిని సరిగ సాగనీయదు. కట్టెలు మాత్రము ఎక్కువ కాలును. కండెన్సరు గొట్టములోను సున్నపు పొర యిట్లే పట్టును. దానికి తోడు పాచి, జిగురు, బురద. పుణె ప్రాంతపు మురుగు భీమానదిలో కలసి ఉజనీ చేరుటచే పాచికి ఆహారమునకు కొదువ లేదు. పైగా చల్లార్చు నీరు పెద్ద గోపురములలో కొంత ఆవిరియై పోయి, మిగిలినది మరల మరల తిరుగుచుండును. చారు మరిగినకొలది ఉప్పన యగునట్లు, ఆ నీటిలో లవణములు పెరుగును. అందుచే కొంత నీటిని పారబోసి క్రొత్త నీరు చేర్చుదురు. పాచి చచ్చుటకు క్లోరిన్ కలుపుదురు. అయినను గోడ పూర్తిగ శుభ్రముగ నుండదు.

పూర్వము యూనిట్టును ఆపి, మూతలు విప్పి, మనుష్యులు కుంచెలతో ఒక్కొక్క గొట్టమును తోమెడివారు. 1950ల దశకమున జర్మనీలో టాప్రోగె అను నింజనీరు పేరిట వచ్చిన పద్ధతి ఈ శ్రమను చాల తగ్గించెను. అది మాకు మిక్కిలి ముచ్చటగొలుపు యుక్తి. గొట్టపు రంధ్రముకన్న కొంచెము పెద్దవైన స్పాంజి రబ్బరు బంతులను చల్లని నీటితో పాటు లోనికి విడుతురు. నీటి యొత్తిడి వెనుకనుండి త్రోయగా బంతి నలిగి గొట్టములో దూరి, గోడను రుద్దుచు ఆవలికి పోవును. అచ్చట జల్లెడ వానిని పట్టుకొనును. చిన్న పంపు మరల మొదటి చోటికి చేర్చును. నాడె వలె వచ్చిన దారినే మరలదు. వేరొక దారిని తిరిగి వచ్చును. సాధారణముగ గొట్టముల సంఖ్యలో పదియవ వంతు బంతులు తిరుగుచుండగా, సగటున ఐదు నిమిషముల కొక బంతి ప్రతి గొట్టమును తుడిచిపోవును. యంత్రము ఒక్క క్షణమైనను ఆగదు.

బంతులను ముందుగ నానబెట్టి లోని గాలి తీయవలెను. లేనిచో అవి తేలిపోయి పైవరుస గొట్టములకే చేరును, క్రిందివి మురికిగనే మిగులును. అరిగిన బంతి గోడను తాకదు గనుక కొలిచి పారవేయుదురు. ప్లాస్టికు సంచి ముక్కయో పుల్లయో అడ్డుపడినచో బంతి అచ్చటనే ఇరుకుకొనును. కావున ముందే వడపోత యుండవలెను. గట్టి పొరకు గరుకు బంతులున్నవి. కాని వానినే నిత్యము వాడినచో గొట్టమే అరుగును. ఏండ్లుగ పేరుకొనిన పొరను బంతులు తీయజాలవు. శుభ్రమైన గొట్టమును శుభ్రముగ నిలుపుటయే వాని పని.

గొట్టము మురికియైనచో నీటికిని నష్టమే. అంతే విద్యుత్తుకు ఎక్కువ బొగ్గు కాలును, ఎక్కువ వేడి నీటిలోనికి పోవును, ఎక్కువ నీరు గోపురమునుండి ఆకాశమున కెగయును. ఆ నీరు ఉజనీ నీరే.

మన సైజింగు కార్ఖానాలలోని బాయిలరుకు కూడ ఈ బంతులు వాడరాదా యని కొందరు తండ్రులు అడుగవచ్చును. అవి పనికిరావు. ఆ బాయిలర్లలో సాధారణముగ గొట్టము లోపల పొగ, వెలుపల నీరు. పొర వెలుపలి ప్రక్కన పట్టును. అచ్చట నీటిని ముందే మెత్తన చేసి పోయుట, అడుగు నీటిని వేళకు వదలుట, ఇవే దారులు.