పెళ్లి వీసాకు పావుగంట ఇంగ్లిష్

బ్రిటన్‌లో స్థిరపడిన అబ్బాయితో చండ్రుగొండ అమ్మాయికి సంబంధం కుదిరిందనుకోండి. లగ్నపత్రిక రాసుకున్న మర్నాటి నుంచే చుట్టాలంతా ఐఈఎల్‌టీఎస్ గురించి మాట్లాడతారు. ఎవరో కోచింగ్ సెంటర్ పేరు చెబుతారు. ఆరు బ్యాండ్లు రావాలంటారు, వ్యాసాలు రాయాలంటారు. పాపం, ఆ పిల్లకు పెళ్లి కళ కన్నా ముందు పరీక్ష భయం పట్టుకుంటుంది.

వాళ్లు చెప్పేది చదువుకోవడానికి వెళ్లేవాళ్ల పరీక్ష. భర్త దగ్గరికి వెళ్లే భార్యకు కావలసింది వేరు. దాని పేరు ఐఈఎల్‌టీఎస్ లైఫ్ స్కిల్స్, ఏ1 స్థాయి. ఇందులో చదవడం, రాయడం ఉండవు. మాట్లాడటం, వినడం, అంతే. బ్యాండ్లూ ఉండవు. పాస్ లేదా ఫెయిల్. పియర్సన్, లాంగ్వేజ్‌సర్ట్ సంస్థలకూ ఇలాంటి పరీక్షలున్నాయి. పేరు దగ్గరగా ఉంది కదా అని మామూలు అకడమిక్ ఐఈఎల్‌టీఎస్‌కు డబ్బు కడితే ఆ స్కోరు ఈ వీసాకు పనికిరాదు. కాబట్టి బుక్ చేసేముందు పేరు, స్థాయి రెండూ సరిచూసుకోవాలి.

అసలు పరీక్ష రాయాలా వద్దా అన్నది అబ్బాయి హోదాను బట్టి ఉంటుంది. అతను బ్రిటిష్ పౌరుడైనా, శాశ్వత నివాసం వచ్చినవాడైనా 2010 నవంబరు నుంచి భార్యకు (భర్తకైనా అంతే) ఈ నిబంధన ఉంది. అతనింకా ఉద్యోగ వీసా మీదే ఉంటే డిపెండెంటుగా వెళ్లే భార్యకు ఇంగ్లిష్ పరీక్ష అడిగేవారు కాదు. వాళ్లకూ పెడతామని 2025 మేలో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. అందుకే దరఖాస్తు చేసేనాటి నిబంధనను బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూసుకోవడం మేలు. అమ్మాయి ఇంగ్లిష్ మీడియంలో డిగ్రీ చేసి ఉంటే ఎక్టిస్ అనే సంస్థ దాన్ని పరిశీలించి ధ్రువీకరణ ఇస్తుంది. అది వస్తే పరీక్షతో పనే లేదు. మన దగ్గర బీటెక్ చేసిన పిల్లలు చాలామంది ఈ సంగతి తెలియక కోచింగుల చుట్టూ తిరుగుతున్నారని నా అనుమానం.

లోపల ఏం జరుగుతుంది? గదిలో పరీక్షాధికారి, మీరు, మీలాంటి ఇంకో అభ్యర్థి. మొత్తం పదహారు నుంచి పద్దెనిమిది నిమిషాలు. ముందు మీ పేరు, ఊరు అడుగుతారు. పేరును అక్షరం అక్షరం చెప్పమనొచ్చు. మనవాళ్లకు చిక్కు ఇక్కడే వస్తుంది. ఇంట్లో పిలిచే పేరొకటి, సర్టిఫికెట్‌లో ఇనిషియల్‌తో ఇంకొకటి, పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలా చెప్పడం ఇంటి దగ్గరే సాధన చేయాలి. తర్వాత ఒక చిన్న విషయం మీద మీరు మాట్లాడితే పక్క అభ్యర్థి ప్రశ్నలడుగుతారు. ఆ తర్వాత అదే పని మీరు చేయాలి. రికార్డింగులు వినిపించి ప్రశ్నలు అడుగుతారు. ఈ స్థాయిలో రెండుసార్లు వినిపిస్తారు. చివరగా ఇద్దరూ కలిసి ఏదో ఒకటి నిర్ణయించుకోవాలి.

ఊరి గురించి అడిగితే “మై విలేజ్ ఈజ్ నియర్ ఫారెస్ట్. వీ గ్రో కాటన్” అంటే చాలు. మధ్యలో ‘ద’ ఎగిరిపోయిందని ఏ1లో ఎవరూ ఫెయిల్ చేయరు. బట్టీపట్టిన పేరా అప్పజెప్పి, ఎదుటివాళ్లు మరో ప్రశ్న వేయగానే బిగుసుకుపోతేనే ఇబ్బంది. ఇంట్లో కోయ, బడిలో తెలుగు మాట్లాడి పెరిగిన పిల్లకు ఇంగ్లిష్ మూడో భాష. ఒక భాషలోంచి మరో భాషలోకి మారడం ఆమెకు కొత్తేమీ కాదు, చెవికి అలవాటు కావడమే తక్కువ. రోజూ ఫోన్ చేసే అబ్బాయి పది నిమిషాలు ఇంగ్లిష్‌లోనే మాట్లాడితే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

ఆమోదం పొందిన కేంద్రంలోనే, పాస్‌పోర్టు చూపించే రాయాలన్న పట్టుదలకు కారణముంది. విద్యార్థి వీసాల కోసం పెట్టిన టోయిక్ పరీక్షలో అభ్యర్థుల బదులు వేరేవాళ్లు కూర్చుంటున్నారని 2014 ఫిబ్రవరిలో బీబీసీ పనోరమా బయటపెట్టింది. మరుసటి ఏడాదే అక్కడి ప్రభుత్వం పరీక్షల పద్ధతిని మార్చింది. కోచింగ్ సెంటర్ ఇచ్చే సర్టిఫికెట్ ఎంత అందంగా ఉన్నా వీసాకు చెల్లదు.

మన ప్రాంతం వాళ్లకు పరీక్ష కన్నా ప్రయాణమే బరువు. కేంద్రాలుండేది హైదరాబాద్ లాంటి నగరాల్లో. ముందు కొత్తగూడెం చేరి (స్టేషన్ బోర్డు మీద భద్రాచలం రోడ్ అనుంటుంది) రైలెక్కాలి. ఇలాంటి దూరాభారాల ప్రస్తావన బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భర్తలను పాకిస్తాన్, యెమెన్‌ల నుంచి రప్పించుకోవాలనుకున్న ఇద్దరు బ్రిటిష్ మహిళల కేసులో 2015 నవంబరులో తీర్పు వచ్చింది. నిబంధన చెల్లుతుందని, మినహాయింపుల మార్గదర్శకాలు మాత్రం మరీ ఇరుకుగా ఉన్నాయని కోర్టు అంది. 65 ఏళ్లు దాటినవారికి, పరీక్ష రాయలేనంత అనారోగ్యం ఉన్నవారికి మినహాయింపు ఉంది. అసాధారణ పరిస్థితులున్నవారు ఆధారాలు చూపాలి.

ఏ1తో వెళ్లాక రెండున్నరేళ్లకు వీసా పొడిగింపు వేళ ఏ2, శాశ్వత నివాసానికి బీ1 అడుగుతారు. అప్పటికి అక్కడి బస్సు, అంగడి, ఆస్పత్రి ఆమెకు చాలా నేర్పి ఉంటాయి.