కంకర బాటలపై సైకిలు యాత్ర: ద్రాక్షసీమ నుండి చెరకుసీమ వరకు

సైకిలు మన ప్రాంతానికి కొత్త వాహనం కాదు. పాలక్యానులు మోసినది, గడ్డిమోపులు మోసినది, దూర గ్రామాల విద్యార్థులను బడికి, కళాశాలకు చేర్చినది ఈ రెండు చక్రాల బండియే. అయినను గత రెండు దశాబ్దాలలో పాశ్చాత్య దేశాలందు ఈ వాహనంతో ముడిపడిన ఒక నూతన క్రీడ ప్రచారంలోనికి వచ్చినది. దానిని 'గ్రావెల్ బైకింగ్' అని పిలుచుచున్నారు. తారురోడ్డును విడిచి, కంకరయో మొరమో పరచిన బాటలపై, తోటల గుండా, అడవుల గుండా సుదూరం సైకిలు తొక్కుటయే దీని స్వరూపం. ఇది ఎక్కడ పుట్టినది, దీనికి ఎట్టి బాట, ఎట్టి బండి కావలెను, మన నిజామాబాదు, బోధన్, ధర్పల్లి ప్రాంతాలకు దీనితో ఏమి సంబంధం అను విషయాలను ఈ చిన్న వ్యాసంలో వివరింప దలచినాము.

ఈ క్రీడకు ద్రాక్షతోటల సీమలు పేరెన్నిక గన్నవి. అందుకు కారణం స్పష్టమే. ద్రాక్షతోట కొండవాలులలో పెరుగును. పండ్లు కోసి బండ్లపై దింపుటకు తోటల నడుమ బాటలు కావలెను. వాలు మీది అడవిలోని కట్టెకు మరి కొన్ని బాటలు కావలెను. వ్యవసాయపు అవసరం కొరకు రైతులు వేసికొన్న ఈ బాటలే కాలక్రమాన సైకిలు యాత్రికులకు దారులైనవి. ఇటలీ దేశంలోని టస్కనీ ప్రాంతం ఇందుకు చక్కని ఉదాహరణ. అచ్చటి సున్నపురాతి కంకర బాటలు తెల్లగా మెరయుట చేత వాటికి 'తెల్ల బాటలు' అని పేరు వచ్చినది. అవి ఒక్కొక్కటే తారు క్రింద కనుమరుగగుచుండగా, వాటిని కాపాడవలెనను సంకల్పంతో 1997లో జియాంకార్లో బ్రోచి అను ఆయన 'లెరోయికా' అను సైకిలు యాత్రను ప్రారంభించినారు. మొదటి ఏట పాల్గొన్నవారు 92 మంది మాత్రమే. పాత కాలపు సైకిళ్ళపై, పాత కాలపు బాటల వెంట సాగు ఈ యాత్ర నేడు లోకప్రసిద్ధం. ఆ బాటలపైననే 2007 నుండి వృత్తి క్రీడాకారుల పందెం కూడ జరుగుచున్నది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రపు చెకుముకిరాతి గుట్టలలో 2006లో మరొక గొప్ప పందెం మొదలైనది. 2022లో ఇటలీలోని వెనెటో ప్రాంతంలో ఈ క్రీడకు ప్రప్రథమ ప్రపంచ పోటీలు జరిగినవి.

ఇక మన సంగతి. మన జిల్లాకు ద్రాక్ష కాదు, చెరకు కీర్తి తెచ్చినది. మంజీరా నదిపై 1923లో ఆరంభించి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ ఈ ప్రాంతపు ముఖచిత్రాన్నే మార్చివేసినది. దాని నిర్మాణానికి సారథ్యం వహించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. కాలువ నీరు రాగానే బోధన్ భూములు చెరకు పండినవి. చెరకు పండగానే 1937లో నిజాం చక్కెర కర్మాగారం వెలసి, శక్కర్‌నగర్ అను ఊరే ఏర్పడినది. ఈ నిర్మాణాలతో పాటు మూడు విధాల కచ్చా బాటలు మనకు సంక్రమించినవి.

మొదటివి కాలువ గట్టు బాటలు. తూములను, గండ్లను తనిఖీ చేయు సిబ్బంది కొరకు ఏర్పడినవి ఇవి. కాలువ నేల వాటాన్ని అనుసరించి మెల్లగా దిగును గనుక గట్టుపై ఎత్తుపల్లాలు స్వల్పం. కొత్తగా నేర్చుకొనువారికి ఇంతకంటె అనువైన దారి లేదు. బోధన్ వైపున ఎడపల్లి మండలంలోని అలీసాగర్ పరిసరాలు ఇందుకు తగిన స్థలం. రెండవవి చెరకు బండ్ల బాటలు. పొలం నుండి కర్మాగారానికి ఎడ్లబండ్లు, తరువాత ట్రాక్టర్లు నడచిన దారులివి. మూడవవి అడవి బాటలు. నిజామాబాదుకు సమీపాన మల్లారం అడవిలోను, తూర్పున ధర్పల్లి దాటి సిరికొండ వైపు వ్యాపించిన అడవులలోను టేకు, మోదుగు, తునికి చెట్ల నడుమ ఇట్టి బాటలు గలవు. వేసవిలో బీడీ పరిశ్రమకు తునికాకు తెచ్చువారి పాదాలే వీటిలో అనేకం ఏర్పరచినవి. ధర్పల్లి మండలంలోని రామడుగు ప్రాజెక్టు వద్ద నీరు, పొలం, గుట్ట ఒకే చూపులో కనబడును.

బాట ఎంత ముఖ్యమో నేల స్వభావం అంత ముఖ్యం. బోధన్ వైపు నల్లరేగడి. వానకు అది ఉబ్బి జిగురై చక్రానికి చుట్టుకొనును. చక్రానికి, చట్రానికి నడుమ మట్టి బిగిసి బండి కదలదు. ఎండకు అదే నేల నెరలు విచ్చును. ధర్పల్లి వైపు ఎర్రని చల్క, మొరం నేలలు అధికం. ఇవి నీటిని త్వరగా ఇంకించుకొనును గనుక వాన వెలిసిన మరునాడే ప్రయాణానికి అనుకూలం. కావున వర్షాకాలంలో చల్క బాటలు, శీతకాలంలో రేగడి బాటలు ఎన్నుకొనుట వివేకం. మాఘ ఫాల్గుణాలలో టేకు ఆకు రాలి అడవి బాటను కప్పివేయును. ఆ ఆకుల క్రింద రాళ్ళు దాగియుండును గనుక వేగం తగ్గించుట అవసరం.

బండి విషయంలో ఒక ఆశ్చర్యకరమైన సంగతి చెప్పవలసి యున్నది. కంకర బాటకు కావలసిన టైరు వెడల్పు సుమారు 38 నుండి 45 మిల్లీమీటర్లు. మన పాలవాడు, పోస్టుమాన్ దశాబ్దాలుగా తొక్కిన సాధారణ నల్ల సైకిలు టైరు కొలత 28 × 1½ అంగుళాలు, అనగా సుమారు 40 మిల్లీమీటర్లు! పాశ్చాత్యులు నేడు కనుగొన్న కొలత మన బజారులో ఎన్నడో ఉన్నది. తేడా ఎక్కడనగా, కొత్త బండి బరువులో సగమునకు దగ్గరగా ఉండును. ఎత్తు ఎక్కుటకు గేర్లు, తడిలో కూడ పట్టు తప్పని డిస్కు బ్రేకులు దానికి గలవు. ఆ బండి విలువ మన విద్యార్థులకు అందనిది. కాని కాలువ గట్టుకు గేర్లతో పని తక్కువ. మంచి టైర్లు, సరియైన బ్రేకులు ఉన్న మామూలు సైకిలు చాలును.

టైరులో గాలి మితంగా ఉండవలెను. గట్టిగా నింపిన టైరు ప్రతి రాతిపై ఎగిరిపడి తొక్కువాని శక్తిని వృథా చేయును. కొంచెం మెత్తని టైరు రాతిని తనలో ఇముడ్చుకొని సాగిపోవును. మరీ తగ్గించినచో రిమ్ము రాతికి తగిలి ట్యూబు చిట్లును. పల్లంలో ముందు బ్రేకు ఒక్కటే పట్టినచో బండి జారును. రెండింటిని మెల్లగా పట్టవలెను. తుమ్మముళ్ళ సీమ గనుక పంచరు సామాను, పంపు, రెండు సీసాల నీరు వెంట ఉండవలెను. రిజర్వు అడవిలో ప్రవేశించుటకు అటవీశాఖ అనుమతి, కాలువ గట్టుపై పోవుటకు నీటిపారుదల శాఖ అనుమతి పొందుట విధి. ఈ అడవులలో చిరుతలు, ఎలుగుబంట్లు సంచరించును. ఒంటరిగా పోరాదు, పొద్దు వాలక మునుపే బయటపడవలెను. ఎదురుగా బండి గాని, పశువుల మంద గాని వచ్చినప్పుడు దిగి దారి ఇచ్చుట మర్యాద. అది వారి బాట, మనం అతిథులం.

ఇప్పుడు అసలు విషయానికి వచ్చెదము. కచ్చా బాట రెండు విధాల నశించును: తారు పడినప్పుడు, నడచువారు లేనప్పుడు. 2015 డిసెంబరులో బోధన్ కర్మాగారం మూతపడినది. వేలాది కుటుంబాల జీవనాధారం దెబ్బతినుటతో పాటు చెరకు బండ్లు నడచిన దారులకు పని లేకపోయినది. పని లేని బాటను సర్కారు తుమ్మ ఆక్రమించును. ఇరువైపుల పొలం గట్లు జరుగును. కొన్ని ఏండ్లకు అచట బాట ఉండెనని చెప్పువారే కరువగుదురు. హైదరాబాదు పరిసరాలలో ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలుండిన చోట నేడు ఇండ్లు లేచినవి. తోటతో పాటు తోటబాట కూడ పోయినది.

పల్లెలకు తారురోడ్డు వలదని మేము అనుట లేదు. ప్రసవవేదన పడు స్త్రీని ఆసుపత్రికి చేర్చవలసిన దారి పక్కాగా ఉండి తీరవలెను. ఆ దారి అందచందాలను గూర్చి పట్టణవాసి మాట్లాడుట తగదు. కాని ఊరి రోడ్డు వేరు, కాలువ గట్టు, అడవి బాట వేరు. వీటికి తారు అవసరం లేదు. వాన నీరు నిలువకుండ కొంచెం వాలు, ప్రక్కన చిన్న కాలువ, ఏటేట ఇంత మొరం చాలును. అన్నిటికంటె ముఖ్యంగా నడచువారు కావలెను. టస్కనీ బాటలను నిలిపినది ధనం కాదు, వాటిపై ఏటేట తిరిగిన చక్రాలు.

మన విద్యార్థులలో అనేకులు ఈ బాటల ప్రక్కనే పుట్టి పెరిగినవారు. ఏ బాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో, ఏ వాగు ఏ మాసంలో దాటరాదో వారి తాతలకు తెలియును. సెలవులలో సైకిలుపై తిరిగి, పెద్దలను అడిగి, ఒక్కొక్క గ్రామపు బాటలను తెలుగులోను ఉర్దూలోను పటంగా గీసినచో అది భూగోళశాస్త్రానికి, చరిత్రకు, ఆరోగ్యానికి ఏకకాలంలో సేవ కాగలదు. పటంలో ఉన్న బాటను మాయం చేయుట కష్టం. చక్రం తిరిగిన బాటపై తుమ్మ మొలవదు.