రౌతునకును గుఱ్ఱమునకును నడుమ

"రౌతుకొద్దీ గుఱ్ఱము" అని మన పెద్దలు నుడివిరి. రౌతు మెత్తనయినచో గుఱ్ఱము మూడు కాళ్లతో నడచునని మరియొక సామెత. ఈ రెంటియందును రౌతు కలడు, గుఱ్ఱము కలదు. ఆ రెంటి నడుమ నుండు జీను మాత్రము కానరాదు. ఒకరి బరువును మరియొకరి వీపునకు అందించు వస్తువది. చక్కగా కుదిరినచో దాని ఉనికియే తోపదు. కుదరనిచో ఆ తప్పు నోరులేని గుఱ్ఱమునకు అంటగట్టబడును. ఈ సత్యమును నేను గ్రంథముల వలన గాక, మా యింట జరిగిన యొక పొరపాటు వలన తెలిసికొంటిని.

మా తమ్ముని కుమార్తె హైదరాబాదులో చదువుకొనుచు స్వారి నేర్చినది. పందెపు మైదానము నుండి విరమించిన తొమ్మిదేండ్ల గుఱ్ఱమొకటి స్వల్పమైన వెలకు ఆమెకు లభించినది. మన దేశపు స్వారి పాఠశాలలలో ఇట్టి థారోబ్రెడ్ గుఱ్ఱములు తఱచుగా కానవచ్చును. గుఱ్ఱము చౌకగా వచ్చినను జీను చౌకగా రాదు. ఇంగ్లండున చేసిన మంచి జీను క్రొత్తదయినచో దాని వెల లక్ష రూపాయలకు పైమాటయే. పిల్ల రెండేండ్లు దాచుకొన్న సొమ్ము అందులకు చాలలేదు. ఇంతలో వాడిన జీనొకటి సగము ధరకు అమ్మకమునకు వచ్చినదని తెలిసి, నన్ను తోడు రమ్మన్నది. జీనులను గూర్చి నాకు తెలిసినది సున్న. అయినను పెద్దవాడను గనుక వెంట వెళ్లితిని. తేనెరంగు తోలు, అద్దమువంటి మెఱుగు, సన్నని కుట్టుపని. ఏ గుఱ్ఱమునకైనను సరిపోవునని అమ్మువాడు హామీ యిచ్చెను. "బాగున్నదా పెదనాన్నా?" అని పిల్ల అడుగగా, "దివ్యముగా నున్నదమ్మా" అని తలయూపితిని.

పది దినములు గడచినవి. నెమ్మదికి పేరువడ్డ ఆ గుఱ్ఱము, పొట్ట క్రింది పట్టెడ బిగించునపుడు చెవులు వెనుకకు వాల్చి కఱవజూచుట మొదలిడినది. మలుపులలో అడుగు కురుచ చేసికొన్నది. పొగరెక్కినది, నాలుగు తగిలింపుమని చూచినవారు సలహా యిచ్చిరి. మూడవ వారమున మూపు మీద గ్రుడ్డంత వాపు లేచినది. అప్పుడు ఆ గుఱ్ఱపుసాలలో పెక్కేండ్లుగా పనిచేయుచున్న వృద్ధ సయీసు జీనును తెప్పించి, ఒక దూలముపై నిలిపి, దాని ముందటి వంపు క్రింద పిల్ల చేయి నుంచి, పైనుండి తన రెండు చేతులతో నొక్కెను. పిల్ల కెవ్వుమన్నది.

"నీ చెయ్యికే ఇంత నొస్తే దాని వీపు ఎట్ల నొస్తదో చూడు బిడ్డా. గుర్రం చెడ్డది కాదు, జీను చెడ్డది" అని అతడు పలికెను. నేను ప్రక్కనే నిలిచియుంటిని గాని నోట మాట రాలేదు.

ఆ రాత్రి భాషోపాధ్యాయునకు సహజమైన అలవాటు చొప్పున నిఘంటువు తెరచితిని. జీను అను మాట పారసీకము నుండి మనకు వచ్చినది. పాదము మోపుకొను రికాబు మూలమున అరబ్బీ మాట, పారసీకము ద్వారా మనకు చేరినది. సంస్కృతమున జీనునకు పల్యాణమని పేరు. రికాబునకు తెనుగున అంకవన్నె యను చక్కని పదము కలదు. అశ్వశాస్త్రమునకు శాలిహోత్రుని ఆద్యునిగా మన పూర్వులు తలచిరి. తెనుగున మనుమంచి భట్టు హయలక్షణములను కావ్యముగా సంతరించెను. అయినను మా పిల్లకు కావలసినది సుడుల ఫలితము కాదు. ఈ వీపునకు ఏ జీను కుదురునను ప్రశ్నకు సమాధానము. అందులకు సయీసు వద్దను, పశువైద్యుని వద్దను, తోలుపనివాని వద్దను మే మిరువురము శిష్యరికము చేయవలసి వచ్చినది. నేర్చినదానిని ఇచ్చట పొందుపఱచుచున్నాను.

ఆంగ్ల జీను అనగా ఇంగ్లండునందే చేసినదని అర్థము కాదు, అదియొక రీతి. అమెరికా పడమటి సీమలలో పసులకాపరులు వాడు జీనునకు ముందొక కొమ్ముండును, బరువును ఎక్కువ. ఆంగ్ల జీను తేలికగను, కొమ్ము లేకయు నుండును. అందును భేదములు కలవు. అడ్డంకులు దుముకుటకు చేసిన జీను ప్రక్కరెక్కలు ముందునకు సాగియుండును. డ్రెస్సాజ్ అను నడకల విద్యకై చేసిన దాని రెక్కలు పొడవుగ, నిలువుగ దిగును. దుముకునపుడు రౌతు వెనుకకు వాలక ముందునకు వంగి గుఱ్ఱపు వీపునకు స్వేచ్ఛ నీయవలెనని ఇటలీ అశ్వదళాధికారి ఫెడెరికో కాప్రిల్లి (1868-1907) బోధించెను; ఆ కూర్చుండు తీరునకు అనుగుణముగ జీను ఆకారమును మారినది. ఈ రెంటికి నడిమిది అన్ని పనులకు వచ్చు సాధారణపు జీను. నేర్చుకొనువారికి, సొమ్ము తక్కువ గలవారికి అదియే మేలు.

పైకి కనిపించునది తోలు. జీనునకు ప్రాణము లోపలి చట్రము. దానిని ఆంగ్లేయులు ట్రీ యందురు. పూర్వాచారము ననుసరించి బీచ్ కఱ్ఱ పొరల నంటించి, ఉక్కుతో బలపఱచి దానిని చేయుదురు. ప్లాస్టిక్ చట్రములును కలవు. చట్రము క్రింద ఉన్ని కూర్చిన రెండు మెత్తలు, వాని నడుమ నొక కాలువ. వెన్నెముకపై ఏదియు ఆనరాదు. బరువంతయు దాని కిరువైపుల నున్న కండలపై సమముగ పఱచుకొనవలెను. జీను ఎన్నిక కంతటికిని ఈ యొక్క సూత్రమే మూలము.

ఇక వీపు సంగతి. మూపున వెన్నుపూసల ముళ్లు ఎత్తుగ లేచియుండును. అచ్చట చర్మము క్రింద కండ మిక్కిలి తక్కువ. దాని కిరుప్రక్కల భుజపు పలక ఎముకలు కలవు. గుఱ్ఱము ముంగాలు చాచినప్పుడెల్ల ఆ ఎముక పై అంచు వెనుకకు జరుగును. కావున జీను దాని వెనుకనే యుండవలెను. గుఱ్ఱమునకు సాధారణముగ 18 జతల ప్రక్కటెముకలు. వానిలో కడపటిది జీనునకు వెనుకటి పొలిమేర. అది దాటి నడుముపై బరువు పడరాదు.

ఈ వీపును కొలుచుటకు గొప్ప పరికరము లక్కఱలేదు. వంచినచో వంగి, వంగినట్లే నిలుచు లావుపాటి తీగ, ఒక అట్ట, ఒక పెన్సిలు చాలును. గుఱ్ఱమును చదునైన నేలపై నాలుగు కాళ్లు సమముగ నుండునట్లు నిలుపవలెను. భుజపుటెముకకు సుమారు రెండంగుళములు వెనుకగా తీగను మూపుపై అడ్డముగ అదిమి, ఆ వంపు చెడకుండ అట్టపై గీచి కత్తిరింపవలెను. ఆ అట్టను జీను ముందటి వంపులో నిలిపి చూచినచో ఇఱుకో, వెడల్పో కంటికే తెలియును.

మా పిల్ల ఈ అట్టను గీచి చూడగా, మేము కొన్న జీను వంపు దానికంటె చాల విప్పారి యుండెను. అది వెడల్పు వీపు గల బొద్దు గుఱ్ఱమునకై చేసినది. పందెపు గుఱ్ఱమునకు మూపు ఎత్తు, భుజముల వెనుక పల్లము. అందుచే జీను ముందువైపున క్రుంగి మూపు శిఖరముపై కూర్చున్నది. ఇఱుకు జీను దోషము మరియొక విధము. అది మూపునకు ఇరుప్రక్కల పటకారువలె పట్టి నొక్కును. దళసరి మెత్తగుడ్డ వేసిన చాలునని కొందఱందురు. ఇఱుకు బూటులో దళసరి మేజోడు తొడిగినచో పాదమునకు సుఖము కలుగునా? వెడల్పు జీను క్రింద గుడ్డ కొంత ఆసరా యిచ్చినను చట్రపు కోణమును మార్చజాలదు.

అట్ట సరిపోయిన పిమ్మట జీనును గుఱ్ఱముపై నుంచి చూడవలెను. మొదటిసారి గుడ్డ లేకుండ, కొంచెము ముందుగ నుంచి, వెండ్రుకల వాలున వెనుకకు జరిపినచో అది తన చోట తానే కుదురుకొనును. రౌతు ఎక్కిన తరువాతను మూపునకును జీను వంపునకును నడుమ రెండు మూడు వ్రేళ్లు దూరవలెను. కాలువ పొడవునను సుమారు మూడు వ్రేళ్ల వెడల్పుండవలెను. వెనుకనుండి చూచినచో కాలువలో వెలుతురు కనిపింపవలెను. ఆసనములో అన్నిటికంటె లోతైన చోటు నడుమ నుండవలెను. జీను ముందునకుగాని వెనుకకుగాని ఒఱగినచో రౌతు ఎంత ప్రయత్నించినను తిన్నగా కూర్చుండలేడు. పిదప అరచేతిని మెత్త క్రింద ముందునుండి వెనుకకు పోనిచ్చి చూడవలెను. ముందును వెనుకను తగిలి నడుమ ఖాళీ యున్నచో అది వంతెన. బరువంతయు రెండు కొనలందే పడును. నడుమ మాత్రమే తగిలినచో అది ఊగుడుకుర్చీ. రెండును పనికిరావు. కొంతసేపు స్వారి చేసి జీను దింపిన పిమ్మట చెమట మరకలను గమనింపవలెను. తడి నడుమ చిన్న పొడిచోటు అనుమానింపదగినది. దానినే తుదితీర్పుగా గైకొనక, అచ్చట మరల చేతితో తడవి చూడవలెను.

వాడిన జీను కొనువారు మరి నాలుగు విషయములు చూడవలెను. మొదటిది చట్రము విఱిగినదా యనునది. జీను ముందుభాగమును తొడకు ఆనించి వెనుక అంచును తనవైపు లాగినచో కొన్ని చట్రములలో స్వల్పమైన సాగుదల సహజమే; ఆసనమున ముడుత లేచినను, కిఱ్ఱుమన్నను, ముందటి వంపు చేతులలో కదలినను ఆ జీనును ఉచితముగ నిచ్చినను పుచ్చుకొనరాదు. రెండవది పట్టెడ తగిలించు వార్లును వాని కుట్లును. ప్రాణము వానిపై ఆధారపడియుండును. మూడవది రికాబు వారు తగిలించు ఇనుపకడ్డీ. దాని కొననున్న నాలుక తెఱచియుండవలెను. అప్పుడే రౌతు పడినచో వారు జాఱి అతనిని విడుచును. నాలుగవది మెత్తలలోని ఉన్ని. అది ఉండలు కట్టినచో గులకఱాళ్లవలె గ్రుచ్చుకొనును. అయితే ఈ దోషమును పనివాడు సరిచేయగలడు. ఉన్నిని తీసి మరల కూర్చినచో పాతజీను క్రొత్తదగును. మొదటి రెండు దోషములు దుకాణము నుండి వెనుదిరుగుటకు చాలును. కడపటి రెండును సొమ్ము తగ్గింపుమని బేరమాడుటకు పనికివచ్చును.

రౌతు కొలత చివరి విషయము. ముందుప్రక్కనున్న మేకు నుండి వెనుక అంచు నడిమి వఱకు అంగుళములలో ఆసనమును కొలుతురు. పెద్దలకు తఱచుగా 16 మొదలు 18 అంగుళముల వఱకు సరిపోవును. కూర్చున్నపుడు వెనుక అరచేయి పట్టునంత చోటు మిగులుట మంచిది. రౌతునకు సుఖముగ నున్నదని గుఱ్ఱమునకు కుదరనిదానిని ఎన్నుకొనరాదు. రౌతు దిగి పోగలడు. గుఱ్ఱము తన వీపును విప్పి పెట్టలేదు.

వెల విషయమున భయపడ నక్కఱలేదు. ఇంగ్లండునందలి వాల్సాల్ పట్టణము జీనుల పనికి పేరుగాంచినది. అచ్చటి ఫుట్‌బాలు జట్టునకు జీనుపనివారను ముద్దుపేరు నేటికిని కలదు. మన దేశమున ఆ కీర్తి కాన్పూరుది. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున సైన్యమునకు జీనులు, కళ్లెములు సమకూర్చుటకు అచ్చట ప్రభుత్వ కర్మాగారము వెలసినది. ఆ పనితనము ఊరంతట ప్రాకి నేడు కాన్పూరు జీనులు పెక్కు విదేశములకు ఎగుమతి యగుచున్నవి. వానికి భౌగోళిక గుర్తింపును లభించినది. ఇంగ్లండు సరకుతో పోల్చినచో వీని వెల తక్కువ. అందును మంచిచెడ్డలు కలవు గనుక పైన చెప్పిన పరీక్షలు ఇచ్చటను తప్పవు. తోలు మెఱుగునకు, పేరునకు ఇచ్చు సొమ్మును తగ్గించుకొనవచ్చును. చట్రమునకు, ఉన్ని కూర్చు పనివానికి ఇచ్చునది తగ్గించుకొనరాదు. మేత, వయస్సు, శిక్షణ మారినకొలది గుఱ్ఱపు వీపును మారును గనుక, అట్టను అప్పుడప్పుడు మరల గీయుటయు మఱవరాదు.

మా గుఱ్ఱమునకు వైద్యుడు ఆఱు వారముల విశ్రాంతి విధించెను. ఆ లోపల తేనెరంగు జీనును, అట్ట కొలత చూపియే, ఒక బొద్దు గుఱ్ఱపు యజమానికి అమ్మితిమి. దానికది చక్కగా అమరినది. సయీసు జీనును చెడ్డదన్నాడు గాని, నిజమునకు జీను చెడ్డది కాదు. మా జతపఱచుట చెడ్డది. పిదప రంగు వెలిసిన కాన్పూరు జీనొకటి, మొదటిదాని వెలలో మూడవ వంతునకు దొరకినది. ఉన్ని మార్పించితిమి. పిల్ల దానిని వీపుపై నుంచి, అలవాటు చొప్పున "బాగున్నదా పెదనాన్నా?" అన్నది. "నన్నడుగకమ్మా, దాన్నే అడుగు" అంటిని. పట్టెడ బిగించునపుడు గుఱ్ఱము చెవులు వాల్చలేదు.

బడిలో కుదురుగ కూర్చుండని పిల్లవానిని చూచి పొగరనుట మాబోటి ఉపాధ్యాయులకు అలవాటు. ఇప్పుడు ఆ మాట నోటికి వచ్చినపుడు ఒక క్షణము ఆగుచున్నాను. గుఱ్ఱపు మూపుపై వాపు తగ్గినది గాని, నలిగిన చోట వెండ్రుకలు మరల నల్లగ మొలవలేదు. అఱచేతిలో సగమంత తెల్లమచ్చ నిలిచిపోయినది. పిల్ల మాలీసు చేయునపుడు ఆ చోటికి రాగానే చేయి నెమ్మది చేయును. ఆ మచ్చలో నా తలయూపునకును భాగము కలదు.